బోరు వెతికే జల్లెడ

వైశాఖ శుద్ధ చవితి

నా బిడ్డ సుంకమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. నేను సంతోషంగా ఉన్నానని పొద్దున లేచినప్పటి నుంచి చెప్తానే ఉన్నానంట, విని విని ఆమె చెవులు పోతున్నాయంట. "కొంచెం అట్ట మీద చెప్పు నాయనా" అని రేషను సంచుల్లో వచ్చే తెల్ల అట్టలు కోసి, పెన్సిలు చెక్కి చేతిలో పెట్టింది. నేను చదివింది ఐదో తరగతి. సంతోషానికి అంత చదువు చాలు.

మా అమ్మి, అదే సుంకమ్మ, నాతో ఉంది. అదీ సంగతి. ఏండ్ల తరబడి ఆమె సముద్రం పక్కన చల్లమేడలో ఉండేది. ఆలోచించే యంత్రాలన్నీ పెట్టిన మేడ అది. వాటికి వేడెక్కకుండా చూడటం ఆమె పని. యంత్రాలకు చల్లగా ఉండాలని ఆ మేడ తన వేడినంతా మా వీధుల్లోకి ఊదేది. లోపల ఆమె స్వెట్టరు వేసుకుని వణికేది, బయట నేను తడిగుడ్డ నెత్తిన వేసుకుని మగ్గేవాణ్ణి. నెలకొకసారి గాజు అద్దానికి అటు ఆమె, ఇటు నేను. ఆమె చేతివేళ్ళు తెల్లగా పాలిపోయి కనపడేవి. పట్టుకుని నలపాలనిపించేది, మధ్యన అద్దం.

ఇప్పుడు ఒకే టార్పాలిన్ కింద ఉన్నాం. ఆమె వేళ్ళకు మట్టి అంటింది. ఎంత బాగున్నాయో.

ఆమెకు లాటరీలో నేల చీటీ తగిలింది. లోపలి సీమలో, మా పెద్దల కాలంలో బోర్లన్నీ ఎండి జనం ఖాళీ చేసి పోయిన చోట, ఒక చెక్క నేల. నన్నయితే చంకలో ఎత్తుకుని పోయినారంట. ఇప్పుడు వానలు తిరుక్కున్నాయి, లోపల నీళ్ళు పైకి వచ్చినాయంటారు. కానీ నేలకు కొత్త బొక్క పెట్టకూడదని చట్టం. పాత బోరు దొరికితే అది మనది. ఏరువాక పున్నమికి నీళ్ళు చూపించినోళ్ళు ఉంటారు, చూపించలేనోళ్ళను బండెక్కించి తిరిగి సముద్రం పక్కకు తోలుతారు. ఆమె చల్లమేడకు, నేను ముసలోళ్ళ షెడ్డుకు.

మోకాళ్ళు సలుపుతున్నాయి. చాలు ఈ పొద్దుకు.

వైశాఖ శుద్ధ సప్తమి

నీళ్ళబండి దానంతట అదే వస్తుంది. తోలేవాడు ఉండడు. ముందు కన్నొకటి ఉంటుంది, అది మన మొహం గుర్తుపడితేనే కొళాయి తెరుచుకుంటుంది. పొద్దున నా మొహం నిండా ఎర్రమట్టి. "మొహం కడుక్కుని రండి" అని ఆడగొంతుతో మర్యాదగా చెప్పింది. కడుక్కోవడానికి నీళ్ళు ఇవ్వమ్మా అంటే మళ్ళీ అదే మాట. పంచె చెంగుతో తుడుచుకుని, ఉమ్ము రాసుకుని, నాలుగుసార్లు ఎదురుగా నిలబడితే అప్పుడు నన్ను నేనేనని ఒప్పుకుంది.

ఇక్కడ జనాన్ని తలలతో లెక్కపెట్టరు, పొయ్యిలతో లెక్కపెడతారు. ఒక పొయ్యి మీద తినేవాళ్ళంతా ఒక ఇల్లు. ఒక పొయ్యికి ఒక చెక్క, ఒక బోరు. నీళ్ళు కూడా పొయ్యికి ఇంతని.

మా పక్క చెక్కలో ఖాజాబీ ఉంది. ఆమె పొయ్యి మీద ఆమె ఒక్కతే. మేకలు కొన్ని. నాకంటే రెండు మూడేండ్లు చిన్న, కానీ నోటికి వయసు లేదు. నేను మొహానికి ఉమ్ము రాసుకుంటుంటే చూసి, "అన్నా, పెండ్లికొడుకు ముస్తాబు ఇంక అయిందా, మా వంతు ఎప్పుడు" అంది. ఆమెకూ బోరు దొరకలేదు. ఆమెకు వెతికే సామాను కూడా లేదు, కర్రతో నేలను తట్టుకుంటా తిరుగుతుంది.

మాకు ఉంది. మా అమ్మి పాత సామాన్ల అంగట్లో తెచ్చిన మెటల్ డిటెక్టర్. సముద్రం ఒడ్డున పిల్లలు, పొద్దుపోని పెద్దలు పోయిన ఉంగరాల్ని వెతుక్కునే ఆటవస్తువు అది. ఒక కడ్డీ, కింద పళ్ళెమంత తట్ట, పైన డబ్బా, చెవులకు పెట్టుకునేది ఒకటి. తట్ట లోపల తీగ చుట్ట ఉంటుంది. కింద లోహం ఉంటే కీచుమంటుంది.

దాని బ్యాటరీ చచ్చిపోతే మా అమ్మి ఎండకు ఛార్జయ్యే లాంతరు బ్యాటరీ పీకి డబ్బాకు టేపుతో చుట్టింది. చెవులది కూడా మార్చింది. నాకు సన్నటి కూతలు వినపడవు, అందుకని కూతను లావు చేసి పెట్టింది. ఇప్పుడు దున్నపోతు దగ్గినట్టు వస్తుంది. వినడానికి ఎంత ముద్దుగా ఉందో.

వైశాఖ శుద్ధ ద్వాదశి

ముద్దూ లేదు ఏమీ లేదు. అడుగడుక్కూ దగ్గుతుంది. ఈ ఎర్రమొరుసు నేలలోనే ఇనుము కలిసి ఉంటుందంట, మనం ఊరికే నడిచినా గురగుర. ఆ పైన సీసా మూతలు, ముల్లుకర్ర మొనలు, ఎద్దు నాడాలు, చెప్పుల బిళ్ళలు. మోగిన చోటల్లా కూచుని తవ్వడం, లేవడం. కూచోవడం తేలికే, లేవడమే ఒక పని.

తూర్పు గట్టు రాళ్ళ పక్కన, మా చెక్కకూ ఖాజాబీ చెక్కకూ నడుమ, రెండు చోట్ల గట్టిగా మోగింది. బోరు గొట్టమేనని ఎగిరినంత పనిచేసినాను. తవ్వితే మేకులు. జానెడున్నర పొడుగు, బొటనవేలంత లావు, తలకాయకు రాగితీగ చుట్టి ఉంది. రెండు బారల ఎడంలో రెండు మేకులు, అంతే. తిట్టుకున్నాను. టార్పాలిన్ మూలలు గాలికి లేచిపోతున్నాయి కదా, వాటిని తెచ్చి అక్కడ దిగ్గొట్టినాను. దేనికో ఒకదానికి పనికొచ్చినాయి.

గుంతలు పూడ్చడానికి ఓపిక లేదు. ఖాజాబీ మేక ఒకటి గుంతలో కాలు పెట్టి పడింది. ఆమె వచ్చి మా చెక్కను అంతా కలయజూసి, "నేలకు అమ్మవారు పోసినట్టు చేసినావు కదన్నా" అంది. రేపు పూడుస్తానన్నాను. రేపటికి ఇంకా కొత్త గుంతలుంటాయని మా అమ్మి లోపలి నుంచి అందుకుంది. ఆడవాళ్ళిద్దరూ నవ్వినారు. మా అమ్మి పైకి నవ్వడం నేను మరిచిపోయినానని అప్పుడు తెలిసింది. గాజు అద్దంలో నవ్వు కనపడేది గానీ వినపడేది కాదు.

వైశాఖ బహుళ తదియ

చిన్న తట్టతో లాభం లేదు. అది పైపైనే వింటుంది. బోరు మూతులు లోపలికి కోసేసి పైన మట్టి కప్పినారు, అంత లోతు అది వినదు. తట్ట ఎంత పెద్దదైతే అంత లోతు వింటుందని, చిల్లర సామాను అప్పుడు పట్టించుకోదని మా అమ్మి అంది. పట్టించుకోదు అనేసరికి నా ప్రాణం లేచివచ్చింది. అయితే పెద్దది చేద్దాం అన్నాను.

ఖాళీ ఊళ్ళో ఒక ఇంటి అటక మీద రాగులు జల్లించే పెద్ద జల్లెడ దొరికింది. చుట్టూ చెక్క, మేకులు లేకుండా నారతో కుట్టిన పాతకాలం పని. మాకు కావాల్సింది అదే, ఇనుం లేనిది. చిరిగిన వలను కోసి పారేసినాం. కాలిపోయిన పంకా మోటారు విప్పి రాగితీగ తీసినాం. చెక్క అంచు చుట్టూ ఆ తీగ చుట్టాలి. నేను ఉత్సాహం కొద్దీ చుట్టుకుంటానే పోతుంటే మా అమ్మి ఆపింది. చక్రం పెద్దదైతే చుట్లు తగ్గాలంట, లేకపోతే డబ్బా దాని మాట వినదంట. చుట్టినదాంట్లో సగం విప్పినాము. ఆ సగం చుట్టడానికి నా భుజాలు ఎంత పనిచేసినాయో భుజాలకే తెలుసు.

తీగ కదిలితే కూడా అబద్ధపు కూతలు వస్తాయి. అందుకని తుమ్మబంక కరిగించి పూసి ఎండబెట్టినాం. దాని పైన బిస్కెట్టు పొట్లాల వెండికాగితం చుట్టాలి, గడ్డి తగిలినా మోగకుండా. అది నేనే చేస్తానని కూచుని, ఎక్కడా సందు లేకుండా, పెండ్లికూతురికి బాసికం కట్టినంత ముచ్చటగా చుట్టినాను. తగిలించి చూస్తే చెవిటిది. పార పైన పెట్టినా పలకలేదు.

మా అమ్మి చూసి నవ్వాపుకుంటా బ్లేడు తీసి వెండికాగితాన్ని ఒక చోట వేలెడంత కోసేసింది. చుట్టు పూర్తిగా కలిసిపోతే అది తీగకు సంకెల అవుతుందంట, కొంచెం తెరిచి పెట్టాలంట. కోసిన వెంటనే పార మీద దున్నపోతు దగ్గింది. మా అమ్మి ఎంత తెలివైందో చూడండి. నేను ఖాజాబీని పిలిచి మరీ చెప్పినాను. నిన్న కూడా చెప్పినావన్నా అంది. నిన్న చెప్పింది వేరే సంగతి.

వైశాఖ బహుళ నవమి

జల్లెడ బరువు. కడ్డీకి ఒంటిచేత్తో ఆగదు, అందుకని సైకిలు ట్యూబు కోసి మెడలో పట్టీలాగా వేసుకుని మోస్తున్నాను. సాయంత్రానికి మెడ ఒక పక్కకు వాలిపోతుంది. నేను మా అమ్మి కేసి చూస్తే కూడా ఆకాశం కేసి చూసినట్టు ఉందంట.

అయినా ఎంత శాంతి. చిల్లర ఏదీ వినపడదు. సీసామూతల మీదుగా పోతాను, నాడాల మీదుగా పోతాను, ఉలుకూ పలుకూ లేదు. టార్పాలిన్ మేకు పక్కన పెట్టి చూసినా గమ్మున ఉంది. ఇంతకు ముందు నన్ను ఏడిపించినవన్నీ నోరు మూసుకున్నాయి.

ఈ పొద్దు పడమటి మూలన జల్లెడ అరిచింది. దగ్గు కాదు, అరుపే. ఇద్దరం గడ్డపార వేసినాం. నడుములోతు పోయేసరికి నాకు కండ్లు తిరిగినాయి, మా అమ్మి నన్ను పైన కూచోబెట్టి తను దిగింది. ఖాజాబీ వచ్చి మట్టి తట్టలు అందుకుంది, అడగకుండానే. పొద్దు వాలేసరికి బయటపడింది. ఎద్దులబండి చక్రానికి వేసే ఇనపకమ్మి. గుండ్రంగా, పూర్తిగా, పెద్దది.

ఖాజాబీ దాన్ని దొర్లించుకుంటా పోయి మేకల దొడ్డికి అడ్డం పెట్టుకుంది. పోతా పోతా, "దీనికి ఇరుసు ఉంటే మన ముగ్గురినీ కట్టి తోలుకుపోయేవాళ్ళు" అంది.

వైశాఖ అమావాస్య

చెక్క మొత్తం రెండుసార్లు నడిచినాను. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఏమీ లేదు.

మా అమ్మి మధ్యాన్నం పెట్టె సర్దుతూ కనపడింది. స్వెట్టరు మడత పెట్టి అన్నిటికన్నా పైన పెట్టింది. ఎందుకమ్మా అంటే బూజు పట్టకుండా ఎండకు వేద్దామని అంది. ఎండకు వేయలేదు. పెట్టె మూసేసింది.

అయినా చెప్తున్నాను, ఈ దినాలు నాకు ఎవరూ తీసేయలేరు. పొద్దున రాగిసంగటి గడ్డలు కట్టింది, ఒకే పళ్ళెంలో ఇద్దరం గడ్డలు ఏరుకుని తిన్నాం. పెద్ద గడ్డ నా వైపు తోసింది. ఇంత అదృష్టం ఎంతమంది తండ్రులకు ఉంటుంది. కానీ ఒళ్ళు మాత్రం నా మాట వినడం లేదు. కూచున్న చోట లేవాలంటే ముందు లేవాలని అనుకోవాలి, తర్వాత ఇంకోసారి అనుకోవాలి.

జ్యేష్ఠ శుద్ధ చవితి

ఈ పొద్దు జరిగింది వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం చేస్తాను.

ఖాజాబీ ఒక మేకను పట్టుకుని వచ్చింది. పాలు పితికి మా అమ్మికి ఇస్తానని. మేక నిలవకపోతే తాడును మా టార్పాలిన్ మేకుకు కట్టబోయి వంగింది. వంగినది వంగినట్టే ఆగిపోయింది. నడుం పట్టుకుందేమో అనుకున్నాను. కాదు, మేకు తలకాయకున్న రాగితీగను వేలితో తిప్పి చూస్తాంది.

"ఇవి యాడివన్నా?"

గట్టు పక్కన తవ్వినవని, పనికిరానివని చెప్పినాను. ఆమె మేక తాడు వదిలేసి అక్కడే నేల మీద కూచుంది. వాళ్ళ దాదీ, అంటే వాళ్ళ నాయన కన్నతల్లి, ఇట్లాంటి మేకులు తన చేత్తో కొట్టిందంట, ఖాజాబీకి చిన్నప్పుడు చెప్పేదంట. బోరు ఎండినప్పుడల్లా మగవాళ్ళు ఇంకొక చోట వేస్తాం, ఇంకొంచెం లోతు వేస్తాం అని పిచ్చెత్తినట్టు తిరిగేవాళ్ళంట. ఇంట్లో గింజలు, ఎద్దులు అన్నీ బోరుబండికి పోసేవాళ్ళంట. అందుకని ఆడవాళ్ళు ఎండిన బోరు మూతి మీద బండ కప్పి, దాని చుట్టూ నాలుగు మూలలా నాలుగు మేకులు రాగితీగ చుట్టి దిగ్గొట్టేవాళ్ళంట. ఇంక ఈ ఇంటి మగవాడు దీని జోలికి రాకూడదని.

"నీళ్ళను కట్టెయ్యడానికా?" అని మా అమ్మి అడిగింది.

"నీళ్ళు అప్పటికే పోయినాయి కదమ్మా. ఆశను కట్టెయ్యడానికి."

మా అమ్మి వంగి ఆ రాగితీగను తనూ తిప్పి చూసింది.

తర్వాత మా అమ్మి మెల్లగా అడిగింది, ఆ కాలం బోర్లకు గొట్టం ఇనుపదా అని. మొదట్లోవి ఇనుపవి, ఆఖరాఖరున వేసినవన్నీ ప్లాస్టిక్కువే, అప్పటికి ఇనుం కొనే శక్తి ఎవరికుందని ఖాజాబీ చెప్పింది. మా అమ్మి నా కేసి చూసింది. నేను జల్లెడ కేసి చూసినాను. గొట్టం ప్లాస్టిక్కు. జల్లెడ దాన్ని జన్మలో వినదు. వినాల్సినవి మేకులు. ఆ మేకులు వినపడకుండా ఉండాలనే కదా మేము ఇంత కష్టపడి జల్లెడ కట్టింది. చెక్కంతా రెండుసార్లు, మెడ వంకరపోయేటట్టు, వాటి మీదుగానే నడిచినానేమో. అదీగాక మొదట వినపడినవాటిని పీకి టార్పాలిన్‌కు కొట్టినవాణ్ణి కూడా నేనే.

నాకు ఏడుపు రావాల్సింది. నవ్వొచ్చింది. ముగ్గురం నవ్వినాం, మేక బెదిరి పాలచెంబు తన్నేసింది.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

జల్లెడ విప్పేసి చిన్న తట్ట మళ్ళీ తగిలించినాం.

ముందు ఆ రెండు గుంతలు ఏవో తేల్చుకోవాలి. గట్టు వెంబడి నేను పూడ్చని గుంతలు వరసగా ఉన్నాయి. ఇదేనని నేను, అదేనని మా అమ్మి. చివరకు ఆమె గుంతల్లోకి దిగి గోడలు చూసింది. రెండు గుంతల్లో మాత్రం మట్టికి మేకు పొడవున తుప్పు మరక ఉంది. మిగతావి శుభ్రం. నేను బద్ధకించి పూడ్చకపోవడం ఎంత మేలైంది అన్నాను. పూడ్చనందుకు పొగుడుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నానంది ఖాజాబీ.

రెండు మేకులు ఒక పక్క. మిగతా రెండు వాటికి ఎదురుగా రెండు బారల దూరంలో ఉండాలి. అయితే ఎటు పక్క? పడమర అయితే మా చెక్క. తూర్పయితే గట్టు దాటి ఖాజాబీ చెక్క.

మా పక్కే ముందు వెతికినాం. తట్టను నేలకు ఆనించినట్టే పట్టుకుని, అంగుళం అంగుళం. సీసామూత మోగింది. నాడా మోగింది. ప్రతి దగ్గుకూ మా అమ్మి మోకాళ్ళ మీద పడి చేత్తోనే గోకింది. మధ్యాన్నం దాటింది. అటు చివర ఇటు చివర, ఇంకొక బార ఎక్కువ కూడా చూసినాం. మేకుల్లేవు.

ఖాజాబీ గట్టు అవతల నిలబడి ఉంది. కర్రతో నేలను తట్టడం కూడా మానేసింది. నేను చెవులది తీసి మెడలో వేసుకున్నాను.

"రా అన్నా," అంది. "తెలుసుకోవాల కదా."

గట్టు రాళ్ళు దాటినాను. మొదటి మేకు వెంటనే పలికింది. రెండోది దానికి నేరుగా, ఉండాల్సిన చోటే.

నాలుగూ కలిపి తాళ్ళు కట్టినాం. తాళ్ళు ఒకదాన్నొకటి దాటిన చోటు గట్టుకు అవతల, ఖాజాబీ చెక్కలో, ఒక అడుగు లోపలికి ఉంది. ఒక్క అడుగు.

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

తవ్వినాం. తర్వాత తగువులాడుకుందాం, ముందు తవ్వండి అని ఖాజాబీయే గడ్డపార తెచ్చింది. నాకు గడ్డపార ఎత్తే శక్తి లేక మట్టి తోడే పని ఇచ్చినారు. ఛాతీలోతున బండ తగిలింది. ముగ్గురం గడ్డపార గుచ్చి పక్కకు తోసినాం. కింద ప్లాస్టిక్కు గొట్టం మూతి, నీలం రంగు, గోనెపట్ట కుక్కి ఉంది. గోనె పీకితే లోపలి నుంచి చల్లగాలి మొహానికి కొట్టింది. చల్లమేడ చలి కాదు. కుండ పక్కన కూచుంటే వచ్చే చలి.

మా అమ్మి గ్లాసుకు తాడు కట్టి దింపింది. తాడు చాలక ఇంకో తాడు, అదీ చాలక నా పంచె అంచు చించి కట్టినాం. లాగితే గ్లాసు నిండా నీళ్ళు. కొంచెం తుప్పు వాసన. ఖాజాబీ తాగింది, నేను తాగినాను, మా అమ్మి ఆఖరున తాగి గ్లాసు బోర్లించింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక బోరు, ఒక పొయ్యి. ఆ పొయ్యి ఖాజాబీది.

నేను ఆమెకు మనస్ఫూర్తిగా చెప్పినాను. నీ నీళ్ళు నువ్వు చూపించు తల్లీ, నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికీ దొరికేది కాదు, మేము ఇన్ని దినాలు కలిసి ఉన్నాం, నాకది చాలు అని. నిజంగానే అన్నాను. ఖాజాబీ తలకాయ అడ్డంగా ఊపింది. గట్టు రాయి ఒక్కటి ఇటు జరిపితే ఎవరు చూస్తారు, బోరు మీదైతుంది, నాకెవరున్నారు, షెడ్డులోనైనా ఒకటే ఇక్కడైనా ఒకటే అంది. అంటుంటే ఆమె మేకలను చూస్తాంది.

మా అమ్మి లేచి మా టార్పాలిన్ దగ్గరికి పోయింది. మా పొయ్యి అంటే మూడు రాళ్ళు. ఇంకా వేడిగా ఉన్నాయి. కాలితో తోసి, బూడిద దులిపి, ఒక్కొక్క రాయీ గుడ్డలో పట్టుకుని గట్టు దాటించి ఖాజాబీ గుడిసె ముందర పడేసింది. మూడోది తెచ్చి, ఆ గుడ్డ పరిచి దాని మీదనే కూచుంది.

"మా పొయ్యి పోయింది అత్తా. రాత్రికి ఏం వండుతావు?"

ఖాజాబీ ఆ రాళ్ళను కర్రతో సర్దుకుంటా, "మీ నాయన గడ్డలు లేని సంగటి తింటాడా, అలవాటు తప్పింటాది" అంది. అప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

ఒక పొయ్యికి ఒకటే చెక్క కాబట్టి మా చెక్క వెనక్కి ఇచ్చేయాలి. నా బిడ్డకు చీటీలో తగిలిన నేల. ఇచ్చేముందు గుంతలు పూడుస్తున్నాను. నీడ ఉన్నంతసేపు పూడుస్తాను, ఎండ వస్తే ఆగుతాను. రేపు ఎవరో వస్తారు, వాళ్ళ మేకల కాళ్ళు విరగకూడదు. డిటెక్టరు కూడా వాళ్ళకే, రెండు తట్టలతో. మేకుల సంగతి చెప్పి మరీ ఇస్తాం.

నీళ్ళబండి నీళ్ళు ఇప్పుడు ముగ్గురికీ ఒక పొయ్యివే. దప్పికైనా సర్దుకుంటున్నాం, బోరు నీళ్ళు పరిశీలకుడు చూసేదాకా వాడకూడదు. ఊరంతా ఒకటే మాట. ముసలాయన పక్కచెక్క ఆమెతో పొయ్యి కలిపినాడంట అని. మా అమ్మి అది విని వచ్చి, పెండ్లిపందిరికి టార్పాలిన్ చాలుతుందా నాయనా అని అడిగింది. ఖాజాబీ ఆమె వెంట గరిటె ఎత్తుకుని పరిగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు. చూడటానికి లేచి నిలబడదామనుకున్నాను, అనుకునేలోపు అయిపోయింది.

గడ్డలు లేని సంగటి బాగుంది. చెప్పకూడదు గానీ చాలా బాగుంది. మా అమ్మి చేసింది కూడా బాగుంటుంది.

జ్యేష్ఠ పున్నమి, ఏరువాక

పరిశీలకుడు బసవలింగం సారు పొద్దున్నే వచ్చినాడు. ఎండకు నల్లబడి, మా అందరికంటే ఎక్కువ అలిసిపోయి ఉన్నాడు. రాత్రంతా బండెక్కించే పని చూసి వచ్చినాడంట. మా ముందు నాలుగు చెక్కలు ఖాళీ అయినాయని చెప్పినాడు, తిట్టుకుంటా కాదు, ఊరికే.

మా అమ్మి గొట్టంబకెట్టు ఒకటి తయారుచేసింది, కింద మూత తనంతట తెరుచుకునేది. దింపి లాగింది. బిందె నిండింది. ఇంకో బిందె అన్నాడు. అదీ నిండింది. మూడోది ఆయనే లాగినాడు, ఆగి ఆగి. అదీ నిండేసరికి, దోసిట్లో పోయించుకుని తాగినాడు, మిగిలినది మెడమీద పోసుకున్నాడు. కొంచెం తుప్పు ఉంది, నాలుగు దినాలు తోడితే పోతుందన్నాడు.

తర్వాత పలక తీసి, ఎన్ని పొయ్యిలని అడిగినాడు. ఖాజాబీ పొయ్యి కేసి చేయి చూపించింది. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. చుట్టూ మూడు పళ్ళాలు. ఆయన పొయ్యిని చూసినాడు, గట్టు అవతల పూడ్చిన నేలను చూసినాడు, మా టార్పాలిన్ తీసేసిన చోట మిగిలిన నలుచదరపు మరకను చూసినాడు. అంతా ఆయనకు తెలిసిపోయింది.

"ఇంటి పెద్ద ఎవరు?"

నేనూ ఖాజాబీ ఇద్దరం మా అమ్మిని చూపించినాం. ఆమె మమ్మల్ని చూసి, సరే నేనే సార్ అంది. సుంకమ్మ అని రాసుకున్నాడు. ఈమె ఏమైతుంది అంటే, మా అత్త అని మా అమ్మి చెప్పింది. అదీ రాసుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి ఖాజాబీని అడిగినాడు, ఈయన నీకేమైతాడమ్మా అని.

"మా అన్న," అంది ఖాజాబీ. "తోడబుట్టినోడు."

కంబగిరి, అన్న అని రాసుకున్నాడు. తల ఎత్తలేదు. నా పేరు చెప్పింది కూడా వాళ్ళిద్దరే, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

సారు పోయినాక మా అమ్మి గింజల సంచి మూతి విప్పింది. ఖాజాబీ చాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలని ఆమెతో పోట్లాట పెట్టుకుంది. తూర్పు నుంచి అని ఒకరు, గట్టు నుంచి అని ఒకరు. నన్ను చెప్పమన్నారు. ఇద్దరూ చెప్పింది బాగుందన్నాను. పో నాయనా, నువ్వు పోయి పడుకో అన్నారు.

గుడిసె నీడన చాప పరిచి ఉంది. పడుకున్నాను, పడుకునే ఇది రాస్తున్నాను. వాళ్ళు ఇంకా అరుచుకుంటానే ఉన్నారు. పని ఉంటే లేపుతారులే.